చెట్టు కొలత నుంచి కర్బన పటం దాకా: పటాల డేటా విశ్లేషకులకు ఒక మార్గదర్శి

ఛాతీ ఎత్తున 30 సెంటీమీటర్ల వ్యాసం, 20 మీటర్ల ఎత్తు, ఘన సెంటీమీటరుకు 0.6 గ్రాముల కలప సాంద్రత ఉన్న ఒక ఉష్ణమండల చెట్టును తీసుకోండి. పరిశోధకులు విరివిగా వాడే 2014 నాటి సూత్రం ప్రకారం నేలపైన దాని ఎండు బరువు దాదాపు 582 కిలోలు. అందులో 47 శాతం కర్బనం అనుకుంటే 273 కిలోలు. దాన్ని కార్బన్ డయాక్సైడ్ లెక్కలోకి మారిస్తే, అంటే 44ను 12తో భాగించగా వచ్చిన దానితో గుణిస్తే, ఒక టన్ను. చెట్టు ఒకటే, అంకెలు మూడు, మూడూ సరైనవే. మీ పట్టికలో నిలువు వరుస పేరు ‘కర్బనం’ అని మాత్రమే ఉంటే వీటిలో ఏది అక్కడ కూర్చుందో చదివేవారికి తెలియదు. ఆరు నెలల తర్వాత మీకూ గుర్తుండదు.

కర్బన నిల్వల పరిశోధనలో పటాల విశ్లేషకుల పని అంటే రంగురంగుల పటాలు గీయడమని బయటివారి ఊహ. పటం గీయడం చివరి రెండు రోజుల పని. అంతకుముందు నెలల తరబడి చేసేది కాపలా. చెట్టు దగ్గర పుట్టిన అంకె పటం మీదికి చేరేలోపు దానిలోకి ఏం చొరబడిందో, ఏం జారిపోయిందో కనిపెట్టి ఉండాలి. నేలమీది చెట్లలో, మట్టిలో నిలిచిన కర్బనాన్ని లెక్కగట్టే పనినే ఇక్కడ తీసుకుంటున్నాను. రాతి పొరల్లోకి కార్బన్ డయాక్సైడ్‌ను పంపి నిల్వచేసే పరిశోధన వేరే లోకం.

పనిముట్ల గురించి ఎక్కువ చెప్పను. పటాలు చూడటానికి క్యూజీఐఎస్, లెక్కలకు పైథాన్ లేదా ఆర్ భాష, భారీ ఉపగ్రహ సేకరణల కోసం గూగుల్ ఎర్త్ ఇంజన్ చాలు. మూడింటిలో ఒకటి బాగా వస్తే మిగతావి పని మధ్యలోనే వస్తాయి.

ముందు ప్రశ్నను ఇరుకు చేయండి

‘ఈ ప్రాంతంలో ఎంత కర్బనం ఉంది?’ అనే ప్రశ్నతో పని మొదలుపెట్టకండి. అది ప్రశ్నలాగా కనిపించే కోరిక. పరిశోధక బృందంతో కూర్చుని నాలుగు విషయాలు రాతపూర్వకంగా తేల్చుకోండి.

మొదటిది, ఏ నిల్వ? వాతావరణ మార్పులపై అంతర్ ప్రభుత్వ సంఘం, అంటే ఐపీసీసీ, భూమిపై కర్బనాన్ని ఐదు నిల్వలుగా చూస్తుంది: నేలపైన ఉన్న బయోమాస్ (చెట్ల ఎండు బరువు), నేల కింది వేర్లు, ఎండిన కలప, రాలిన ఆకుల పొర, మట్టిలోని సేంద్రియ కర్బనం. ఉపగ్రహం చూడగలిగేది వీటిలో మొదటిదాన్నే, అదీ పరోక్షంగా. వేర్ల బరువును సాధారణంగా ఒక నిష్పత్తితో లెక్కిస్తారు. కాబట్టి ‘వేర్ల కర్బన పటం’ పేరుతో వచ్చే వాటిలో చాలా భాగం నేలపై పటాన్ని ఏదో ఒక గుణకంతో గుణించినవే. అలా చేయడం తప్పు కాదు, అలా చేశామని చెప్పకపోవడం తప్పు.

రెండోది, ఏ సంవత్సరం? మూడోది, సరిహద్దు ఎవరు గీసినది? నాలుగోది అన్నిటికన్నా జగడాలమారి: అడవి అంటే ఏమిటి? ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ నిర్వచనంలో కనీసం అర హెక్టారు విస్తీర్ణం, 5 మీటర్లకు మించిన చెట్లు, 10 శాతానికి మించిన చెట్ల కప్పు ఉండాలి, ఆ భూమి ప్రధానంగా వ్యవసాయానికి వాడుతున్నది కాకూడదు. ఈ చివరి షరతు ఉపగ్రహానికి కనిపించదు. పామాయిల్ తోట కూడా దానికి చెట్ల కప్పే. వృక్షాచ్ఛాదన పటాన్ని దించుకుని దానికి ‘అడవి’ అని పేరు పెట్టడం ఈ రంగంలో తరచుగా జరిగే పొరపాటు.

క్షేత్రం నుంచి వచ్చిన పట్టికను అనుమానించండి

నా అనుభవంలో పనిలో సగం ఇక్కడే ఉంది. క్షేత్ర బృందం వర్షంలో తడిసి, జలగలతో కుట్టించుకుని తెచ్చిన పట్టిక అది. దానిమీద గౌరవం ఉండాలి, అనుమానమూ ఉండాలి.

అన్నిటికంటే ముందు వ్యాసమా, చుట్టుకొలతా అని చూడండి. చెట్టు చుట్టూ టేపు చుడితే వచ్చేది చుట్టుకొలత. కొన్ని టేపులు దాన్ని నేరుగా వ్యాసంగా చూపిస్తాయి, కొన్ని చూపించవు. రెండు బృందాలు రెండు రకాల టేపులతో వెళ్తే ఒకే వరుసలో రెండూ కలిసిపోతాయి. ఈ పొరపాటు చిన్నది కాదు. పైన చెప్పిన సూత్రం ఇది: 0.0673 × (సాంద్రత × వ్యాసం² × ఎత్తు)^0.976. ఇందులో వ్యాసం వర్గంలో ఉంది గనుక, దాని చోట చుట్టుకొలతను పెడితే చెట్టు బరువు తొమ్మిది రెట్లకు పైగా పెరిగిపోతుంది. ప్లాటు వారీగా, అంటే చెట్లను కొలవడానికి హద్దు గీసుకున్న ఒక్కో చిన్న జాగా వారీగా, వ్యాసాల పంపిణీని గీసి చూస్తే, చుట్టుకొలతలు నింపిన ప్లాటు మిగతావాటికి దూరంగా, మూడు రెట్లు కుడివైపుకు జరిగి కనిపిస్తుంది. నేను ఒకసారి ఆ గీతను చూడకుండానే ముందుకు వెళ్లాను. వచ్చిన పటంలో ఒక లోయ అంతా భూమ్మీద ఎక్కడా లేనంత దట్టమైన అడవిగా వెలిగిపోయింది. అందరూ మెచ్చుకున్నారు కూడా. రెండు వారాల తర్వాత ఆ లోయలో నడిచిన ఒకరు అక్కడ పొదలే ఎక్కువని చెప్పేదాకా నాకు తెలియలేదు.

తర్వాత ప్లాటు విస్తీర్ణం. 17.84 మీటర్ల వ్యాసార్ధంతో వృత్తం గీస్తే వెయ్యి చదరపు మీటర్లు, అంటే హెక్టారులో పదో వంతు వస్తుంది. అది చదునైన నేల లెక్క. 30 డిగ్రీల వాలు మీద నేల వెంబడి కొలిచిన 20 మీటర్లు పటం మీద 17.3 మీటర్లే. వాలు సవరణ చేయకపోతే ప్లాటు అసలు విస్తీర్ణం 13 శాతం తక్కువ, మీరు మాత్రం పూర్తి విస్తీర్ణంతో భాగిస్తారు. కొండ ప్రాంతాలన్నిటా హెక్టారు లెక్క ఒకే దిశలో తగ్గుతుంది. ఇలా ఒకే దిశలో లాగే లోపాలు ఎన్ని ప్లాట్లు పెంచినా పోవు.

ఇంకా చూడవలసినవి: దట్టమైన కప్పు కింద జీపీఎస్ ఎన్ని మీటర్లు తప్పింది, నమోదైనది ప్లాటు కేంద్రమా లేక నైరుతి మూలా, కొలిచిన తేదీ ఏది, ఎంత వ్యాసానికి మించిన చెట్లను కొలిచారు. 5 సెంటీమీటర్లు దాటిన చెట్లన్నీ కొలిచిన ప్లాటునూ, 10 సెంటీమీటర్ల పరిమితి పెట్టుకున్న ప్లాటునూ సవరణ లేకుండా ఒకే సంచిలో వేయకూడదు. అనుమానం వస్తే ఊహించకండి, కొలిచినవారికి ఫోను చేయండి. పది నిమిషాల ఆ సంభాషణ పది రోజుల గణాంక విద్యను ఆదా చేస్తుంది.

ఉపగ్రహాన్ని దాని చూపును బట్టి ఎంచుకోండి

ల్యాండ్‌శాట్ పరంపర 1972లో మొదలైంది, దాని చిత్రాలు 2008 నుంచి ఉచితం. 30 మీటర్ల పిక్సెల్‌తో దశాబ్దాల చరిత్ర కావాలంటే దానికి పోటీ లేదు. 2015లో మొదలైన సెంటినెల్-2 ప్రధాన పట్టీల్లో 10 మీటర్ల వివరం ఇస్తుంది. కానీ ఈ రెండూ కాంతిని చూసే కళ్లే. వాటికి కనిపించేది ఆకుల కప్పు, కాండం కాదు. బయోమాస్ హెక్టారుకు సుమారు 100–150 టన్నులు దాటాక పచ్చదనం దాదాపు ఒకేలా కనిపిస్తుంది. 200 టన్నుల అడవికీ 400 టన్నుల అడవికీ తేడా పసిగట్టడం వాటికి కష్టం. దీన్నే సంతృప్త స్థితి అంటారు.

రాడార్‌లో తరంగం ఎంత పొడవైతే అంత లోతుకు వెళ్తుంది. సెంటినెల్-1 వాడే సి-బ్యాండ్ తరంగం సుమారు 5.6 సెంటీమీటర్లు, అది ఆకుల్లో, చిన్న కొమ్మల్లో చిక్కుకుంటుంది. ఎల్-బ్యాండ్ 24 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది, పెద్ద కొమ్మల దాకా చేరుతుంది. అయినా దట్టమైన అడవిలో అదీ అలసిపోతుంది. ఐరోపా అంతరిక్ష సంస్థ 2025 ఏప్రిల్‌లో ప్రయోగించిన బయోమాస్ ఉపగ్రహం 70 సెంటీమీటర్ల పి-బ్యాండ్‌ను ఎంచుకున్నది ఇందుకే.

ఎత్తును సూటిగా కొలిచేది లైడార్, అంటే లేజర్ కాంతిని పంపి, అది తిరిగొచ్చే సమయాన్ని బట్టి దూరాన్ని లెక్కించే పద్ధతి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మీద 2018 డిసెంబరులో చేరిన జెడీ (GEDI) అనే లైడార్ పరికరం 25 మీటర్ల వ్యాసమున్న లేజర్ చుక్కలతో అడవిని తడుముతుంది. గమన మార్గంలో చుక్కకూ చుక్కకూ మధ్య 60 మీటర్లు, బాటకూ బాటకూ మధ్య 600 మీటర్లు. కనుక అది పటం కాదు, చుక్కల ముగ్గు. గీతలు కలపడం మీ పని. 51.6 డిగ్రీల అక్షాంశాలకు ఆవల అసలు చుక్కలే ఉండవు. నాణ్యత గుర్తు లేని చుక్కలను మొదటే తీసేయండి, ఎన్ని పోయాయో రాసి పెట్టుకోండి.

ఇక్కడ రెండు ఉచ్చులు చెప్పకుండా ముందుకు వెళ్లలేను. సెంటినెల్-2 చిత్రాల అంకెలకు 2022 జనవరి 25న అమల్లోకి వచ్చిన కొత్త ప్రక్రియలో 1000 అదనంగా కలుస్తోంది. పాతవాటిని 10,000తో భాగిస్తే సరిపోయేది, కొత్తవాటిలో ముందు ఆ 1000 తీసేయాలి. తీయకపోతే 2021కీ 2022కీ మధ్య లోకమంతా ఏదో విపత్తు జరిగినట్టు కనిపిస్తుంది. ల్యాండ్‌శాట్ రెండో సేకరణలోని ఉపరితల పరావర్తన అంకెను 0.0000275తో గుణించి 0.2 తీసేయాలి. ఇంతకుమించి వివరణ లేదు, గోడకు అంటించుకోండి.

పిక్సెల్‌కు విస్తీర్ణం ఉంటుంది

హెక్టారుకు 120 టన్నులు అని ఉన్న 30 మీటర్ల పిక్సెల్‌లో ఉన్నది 120 టన్నులు కాదు. దాని విస్తీర్ణం 0.09 హెక్టారు, కాబట్టి 10.8 టన్నులు. పిక్సెల్ విలువలన్నీ కూడేసి మొత్తం ప్రకటిస్తే 11 రెట్లు ఎక్కువ చెప్పినట్టు. అందరికీ తెలిసిన విషయమే, అయినా ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు చేసే తప్పే.

పిక్సెళ్ల గళ్లతో కూడిన పటాన్ని రాస్టర్ అంటారు. అది అక్షాంశ రేఖాంశాల డిగ్రీల్లో ఉంటే మరో చిక్కు ఉంది. భూమధ్యరేఖ దగ్గరి పిక్సెల్‌తో పోలిస్తే 60 డిగ్రీల అక్షాంశం దగ్గరి పిక్సెల్ విస్తీర్ణం దాదాపు సగం. ఆన్‌లైన్ పటాల్లో వాడే, గుండ్రటి భూమిని చదునుగా పరిచే పద్ధతుల్లో ఒకటైన వెబ్ మెర్కేటర్ ప్రొజెక్షన్‌లోనేమో అదే అక్షాంశం దగ్గర విస్తీర్ణం నాలుగు రెట్లుగా కనిపిస్తుంది. చూడటానికి ఏ ప్రొజెక్షన్ అయినా పరవాలేదు, కూడికకు మాత్రం సమవిస్తీర్ణ ప్రొజెక్షన్‌లోకి మార్చండి.

మార్చేటప్పుడు భూవినియోగ వర్గాల పటానికి సమీప పొరుగు పద్ధతి (దగ్గరి పిక్సెల్ విలువనే యథాతథంగా తీసుకునేది) తప్ప మరొకటి వాడకండి. 1 అంటే అడవి, 2 అంటే పొలం, 3 అంటే నీరు అనుకుందాం. సగటు తీసే పద్ధతి వాడారా, అడవీ చెరువూ కలిసే గట్టు పొడవునా పొలాలు మొలుస్తాయి.

ప్లాటునూ పిక్సెల్‌నూ కలపడం

ప్లాటు 0.1 హెక్టారు, పిక్సెల్ 0.09 హెక్టారు. దగ్గరదగ్గరే కదా అనిపిస్తుంది. కానీ ప్లాటు నాలుగు పిక్సెళ్ల కూడలిలో పడవచ్చు, జీపీఎస్ మరో 10 మీటర్లు పక్కకు నెట్టవచ్చు, అంచున ఉన్న ఒక మహావృక్షం కాండం ప్లాటులోనూ దాని కొమ్మలు బయటా ఉండవచ్చు. ప్లాటు చిన్నదయ్యేకొద్దీ ఈ అంచు గొడవ పెరుగుతుంది. పెద్ద ప్లాట్లు దొరికితే కొన్నే అయినా వాటినే నమ్ముతాను. దొరకనప్పుడు ప్లాటును తాకే పిక్సెళ్లకు, దాని హద్దులో పడిన భాగాన్ని బట్టి బరువు వేసి సగటు తీయండి. ప్లాటు ఉన్న చోట చుట్టుపక్కల అడవి ఒకే తీరుగా ఉందో లేదో స్పష్టమైన చిత్రంలో కంటితో చూడండి. దారి, వాగు, కొత్తగా నరికిన జాగా దాన్ని కోస్తుంటే ఆ ప్లాటును పక్కన పెట్టి, ఎందుకు పెట్టారో ఒక వాక్యం రాయండి. కొలిచిన ఏడాదికీ చిత్రం తీసిన ఏడాదికీ మధ్య అక్కడ అడవి పోయిందేమో కూడా చూడాలి.

మోడల్ కంటే పరీక్ష ముఖ్యం

కొత్తవారు ఎక్కువ సమయం ఖర్చుపెట్టేది మోడల్ ఎంపిక మీద, అంటే ఉపగ్రహ అంకెల నుంచి బయోమాస్‌ను అంచనా వేసే లెక్క ఎంపిక మీద. రాండమ్ ఫారెస్ట్‌తో (అనేక నిర్ణయ వృక్షాల జవాబుల సగటు తీసే పద్ధతి) మొదలుపెట్టండి, చాలాసార్లు అదే చాలు. దానికి ఒక స్వభావం ఉంది: నేర్చుకున్న డేటాలోని గరిష్ఠ విలువను దాటి అది ఏమీ చెప్పలేదు. తక్కువ బయోమాస్‌ను ఎక్కువగా, ఎక్కువను తక్కువగా చెబుతూ అన్నిటినీ సగటు వైపు లాగుతుంది. మీ ప్లాట్లలో ముదురు అడవి లేకపోతే పటంలోనూ ఉండదు.

ఇక పరీక్ష. ప్లాట్లను యాదృచ్ఛికంగా విడదీసి కొన్నిటితో నేర్పి, కొన్నిటితో పరీక్షించడం పాఠ్యపుస్తక పద్ధతి. పటాల విషయంలో ఇది ప్రశ్నపత్రాన్ని ముందుగానే చూపించడం లాంటిది. పక్కపక్క ప్లాట్లు ఒకేలా ఉంటాయి గనుక, పరీక్ష ప్లాటుకు 300 మీటర్ల దూరంలో ఉన్న దాని తోబుట్టువును మోడల్ ముందే చూసేసి ఉంటుంది. మధ్య ఆఫ్రికాలో కోటి 18 లక్షల చెట్ల కొలతలతో చేసి 2020లో వెలువడిన ఒక పరిశోధన దీన్ని నిర్మొహమాటంగా చూపించింది. యాదృచ్ఛిక పరీక్షలో మోడల్ బయోమాస్ వైవిధ్యంలో సగానికి పైగా వివరించినట్టు కనిపించింది. దూరాన్ని పాటించి పరీక్షిస్తే ఆ శక్తి దాదాపు సున్నాకు పడిపోయింది.

అందుకని ప్రాంతాన్ని గళ్లుగా విడదీసి, ఒక గడిలోని ప్లాట్లన్నిటినీ కలిపి దాచిపెట్టి పరీక్షించండి. గడి ఎంత ఉండాలో తేల్చడానికి శేషాలకు (కొలిచిన విలువకూ మోడల్ చెప్పినదానికీ మధ్య తేడాలకు) వేరియోగ్రామ్, అంటే దూరం పెరిగేకొద్దీ పోలిక ఎలా తగ్గుతోందో చూపే గీత, గీసి, పోలిక ఎంత దూరం దాకా సాగుతోందో చూడండి. మీ అంకె తగ్గుతుంది. తగ్గిన ఆ అంకెనే నివేదికలో రాయండి.

ఎంత ఖాయమో చెప్పని అంకె బల్ల దాటకూడదు

చెట్టు కొలతలో కొంత, సూత్రంలో కొంత, ప్లాటులో కొంత, మోడల్‌లో కొంత దోషం ఉంటుంది. వీటిని సూత్రాలతో కలపవచ్చు గానీ నాకు మాంటే కార్లో పద్ధతే నచ్చుతుంది. ప్రతి మెట్టులో దోషాన్ని యాదృచ్ఛికంగా చల్లుతూ మొత్తం లెక్కను వెయ్యిసార్లు నడిపి, వచ్చిన వెయ్యి మొత్తాల్లో మధ్య 95 శాతం ఏ హద్దుల మధ్య ఉందో చూడాలి.

ఇందులో ఒక గుంట ఉంది. 10,000 పిక్సెళ్లు, ఒక్కోదానికీ 40 శాతం దోషం అనుకోండి. ఆ దోషాలు ఒకదానితో ఒకటి సంబంధం లేనివైతే సగటు దోషం 0.4 శాతమే. అన్నీ ఒకే దిశలో ఉంటే 40 శాతం. నిజం ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంటుంది, అది 0.4 కాదని మాత్రం నిశ్చయంగా చెప్పవచ్చు. పిక్సెళ్లు పెరిగేకొద్దీ మీ అనిశ్చితి మాయమైపోతుంటే సంతోషించకండి, ఇరుగుపొరుగు దోషాల బంధాన్ని వదిలేశారేమో చూడండి.

మట్టి సంగతి

మట్టి లెక్క చూడటానికి సులువు. కర్బన శాతం, ఘన సెంటీమీటరుకు గ్రాముల్లో మట్టి సాంద్రత, సెంటీమీటర్లలో లోతు గుణిస్తే హెక్టారుకు టన్నులు వస్తాయి. 1.5 × 1.3 × 30 అంటే 58.5 టన్నులు. నమూనా పరిమాణంలో అయిదో వంతు రాళ్లయితే 46.8. సాంద్రతను కొలవని పాత నమూనాలు చాలా ఉంటాయి, అక్కడ ఊహించిన విలువ వాడితే ఆ మాట చెప్పాలి. ఉచితంగా దొరికే సాయిల్‌గ్రిడ్స్ పటాలు 250 మీటర్ల పిక్సెల్‌తో లోకమంతటికీ ఉన్నాయి. పెద్ద ప్రాంతాల సరళిని చూడటానికి అవి మంచివి, ఒక పొలం సంగతి చెప్పడానికి కావు. పీట్ నేలలు (సగం కుళ్లిన మొక్కలు పేరుకుపోయిన చిత్తడి నేలలు) తగిలితే 30 సెంటీమీటర్ల దగ్గర ఆగకండి. భూతలంలో వాటి వాటా సుమారు 3 శాతమే అయినా, ప్రపంచంలోని అడవుల చెట్లన్నిటిలో ఉన్నదానికంటే ఎక్కువ కర్బనం వాటిలో దాగి ఉంది.

రెండు పటాలను తీసివేయమని అడిగితే

తప్పకుండా అడుగుతారు. 2010 పటం, 2020 పటం ఇచ్చి తేడా చెప్పమంటారు. రెండూ ఒకే పరికరం, ఒకే పద్ధతి, ఒకే ప్లాట్లతో చేసినవి కాకపోతే ఆ తేడాలో ఎక్కువ భాగం పరికరాల తేడాయే కావచ్చు. మొదట మార్పు లేని ప్రాంతాలను ఎంచుకుని, ఉదాహరణకు పాత రక్షిత అడవిని, అక్కడ రెండు పటాల తేడా ఎంతో చూడండి. అక్కడ హెక్టారుకు 25 టన్నుల తేడా వస్తే, మిగతా చోట్ల 25 టన్నుల మార్పును నమ్మడానికి ఆధారం లేదు. అడవి నష్టం విస్తీర్ణాన్ని కూడా పిక్సెళ్లు లెక్కపెట్టి చెప్పకండి. వర్గాల వారీగా యాదృచ్ఛిక బిందువులు తీసి, స్పష్టమైన చిత్రాల్లో కంటితో పరిశీలించి, ఆ నమూనా నుంచి విస్తీర్ణాన్ని అంచనా వేయండి. బద్ధకం పుట్టించే పని. విశ్వాస అవధితో కూడిన విస్తీర్ణం మాత్రం దీని నుంచే వస్తుంది.

అప్పగింత

సగటు రాస్టర్, అనిశ్చితి రాస్టర్ రెండూ కలిపి ఇవ్వండి, విడివిడిగా కాదు. ఫైలు పేరులోనే ప్రమాణం, సంవత్సరం, రూపాంతరం సంఖ్య ఉండాలి. ‘చివరిది’, ‘నిజంగా చివరిది’ అనే పేర్లు వద్దు. ఖాళీ పిక్సెళ్లకు సున్నా వాడకండి, సున్నా అంటే కర్బనం లేదని, ఖాళీ అంటే మనం చూడలేదని. శాశ్వత ప్లాట్ల కచ్చితమైన స్థానాలను బృందం అనుమతి లేకుండా బయటపెట్టకండి. జనం చేరి ప్లాటును తొక్కేస్తే ఇరవై ఏళ్ల కొలతల పరంపర తెగిపోతుంది.

ఈ పనిలోకి కొత్తగా రావాలనుకునేవారు ఒక చిన్న సాధన చేయవచ్చు. వంద కిలోమీటర్ల చదరం ఒకటి ఎంచుకుని జెడీ చుక్కల బయోమాస్‌ను, ఒక పొడి కాలపు సెంటినెల్-2 చిత్రాన్ని జతచేసి పటం తయారుచేయండి. దాన్ని ఒకసారి యాదృచ్ఛికంగా, ఒకసారి గళ్లవారీగా పరీక్షించండి. ఉద్యోగానికి దరఖాస్తు పెట్టేటప్పుడు పటంతో పాటు ఆ రెండు ఫలితాలనూ పక్కపక్కన చూపించండి. ముఖాముఖిలో ఎక్కువ ప్రశ్నలు ఆ రెండు అంకెల మధ్య తేడా మీదే వస్తాయి.